ఐదు సమభాగాల స్థాయికి విజయనగరం నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ ఐదు సమభాగాల స్థాయి వారి సముఖమునకు,

షడ్జమం మొదలుకొని పై షడ్జమం దాకా ఉన్న స్థాయిలోని 1200 సెంట్లను (సెంటంటే ఇక్కడ స్వరాల ఎడాన్ని కొలిచే కొలత), గట్లు కొలిచి వాటాలు వేసే ఊరి పెద్దమనిషిలాగా, ఐదు స్వరాలకు తలా 240 చొప్పున పంచిపెట్టిన తమ ధర్మబుద్ధికి నమస్కారములు. మా ఐదు స్వరాల మోహన రాగంలో రిషభ గాంధారాల మధ్య ఎడం చిన్నది. గాంధార పంచమాల మధ్య ఎడం దానికి ఒకటిన్నర రెట్లకు తగ్గదు. ఇంత పక్షపాతం గల రాగాన్ని మేము తరతరాలుగా సిగ్గు లేకుండా పాడుకుంటున్నాము.

తమ పాలన వస్తే ముందుగా లాభపడేది బొబ్బిలి. అక్కడి పనస కొయ్య వీణకు మైనంలో 24 మెట్లు పొదగవలసి వస్తోంది. రెండు స్థాయిలకు తమ లెక్కన 10 చాలు కనుక ఆ వీణలు చేసే గొల్లపల్లి పనివారికి బోలెడు మైనం ఆదా అవుతుంది.

చిక్కల్లా పంచమంతోనే. షడ్జమం 200 హెర్ట్జ్ అయితే తంబురా పంచమం 300 దగ్గర కుదురుకుంటుంది. తమ వాటా ప్రకారం అది 303 దాటిపోయి, రెండు తంతుల అనుస్వరాలు (అసలు స్వరంతో పాటు సన్నగా మోగే పై స్వరాలు) సెకనుకు ఆరుసార్లు ఒకదానినొకటి తోసుకుంటాయి. 1936లో ఇక్కడి సంగీత కళాశాలకు ప్రిన్సిపాలైన ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫిడేలుకు మెట్లే లేవు. వేలు ఎక్కడ ఆగాలో ఆయనకు చెవే చెప్పేది. జావా కంచు వాద్యాల మేళమైన గామెలాన్‌లో తమకు దగ్గర చుట్టమైన ఐదు స్వరాల స్లెండ్రో శ్రుతికి ఈ బెడద అంతగా లేదు, ఎందుకంటే కంచు పలకల అనుస్వరాలు తంతి అనుస్వరాల వరుసలో నడవవు. (అక్కడ కూడా ఏ మేళం శ్రుతి దానిదే తప్ప తమ 240ని తు.చ. తప్పక పాటించేవారు లేరని విన్నవించడానికి సంకోచిస్తున్నాను.)

తమ అసలు ఘనత గ్రహభేదంలో, అంటే రాగంలోని వేరే స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుని పాడడంలో, బయటపడుతుంది. మోహనంలో రిషభాన్ని షడ్జమం చేసుకుంటే మధ్యమావతి, గాంధారాన్ని చేసుకుంటే హిందోళం, పంచమాన్ని చేసుకుంటే శుద్ధసావేరి, ధైవతాన్ని చేసుకుంటే శుద్ధధన్యాసి పుడతాయి. ఎడాలు హెచ్చుతగ్గులుగా ఉండబట్టే ఒక్క ఇంట్లో ఇందరు పుట్టగలిగారు. తమ ఏలుబడిలో ఏ స్వరం మీద కూర్చున్నా వినబడేది ఆ ఒక్క రాగమే. పరీక్షలో గ్రహభేదం ప్రశ్నకు ఇక ఏ జవాబు రాసినా ఒప్పే అవుతుంది గనుక, విద్యార్థుల మద్దతు మాత్రం తమకు దండిగా దొరుకుతుంది.

చిత్తగించవలెను,
విజయనగరం శ్రోత ఒకడు