6,500 దగ్గర కూలబడిన మంచుబండి ఇంజిన్ గారికి

మహారాజశ్రీ మంచుబండి ఇంజిన్ గారి సముఖమునకు, ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక పాత మెకానిక్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్నాను గానీ, తమరు కులాసాగా లేరని వీడియో కాల్‌లో విన్నాను. అమెరికా మిన్నెసోటాలో మా మేనల్లుడి షెడ్డులో, మంచు మీద నడిచే స్నోమొబైల్‌లో కొలువున్న తమరు, 8,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటాల్సింది పోయి 6,500 దగ్గరే ఆయాసపడుతున్నారట.

నేను మంచు చూసింది ఫ్రిజ్‌లోనే. అయినా తమరు టూస్ట్రోక్ అని తెలిశాక ధైర్యం వచ్చింది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్లింది, ఇళ్లలో తెలుగు మాత్రం అలాగే ఉండిపోయింది. టూస్ట్రోక్ కూడా అంతే, ఏ దేశం వెళ్లినా గుణం మారదు. 30 ఏళ్లు యమహా టూస్ట్రోక్ బైకులు ఆర్‌ఎక్స్ హండ్రెడ్‌లు విప్పిన చేతులివి, తమరి వంశం నాకు కొత్త కాదు.

అబ్బో, తమరి నటన! స్లోలో పెట్టి వదిలేస్తే గడియారంలా టిక్కుటిక్కుమంటారు. సగం రేజు దాకా పెళ్లిచూపులకొచ్చిన కుర్రాడి వినయం. బొటనవేలితో రేజు మీట పూర్తిగా నొక్కగానే గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టు 'బో...' అని మూలుగు.

మావాడు చదువుకున్నవాడు కదా, ముందు పర్సు తీశాడు. "మావయ్యా, ప్లగ్గులు కొత్తవి వేశాను. ఫ్యూయల్ ఫిల్టర్ మార్చాను. క్లచ్‌లోకి తేలిక వెయిట్లు తెప్పించాను" అన్నాడు. వాడి లెక్క పూర్తిగా తప్పని అనను. తమరికి మా బళ్లలాగా గేర్లు లేవు. తమరి క్లచ్ అంటే రెండు కప్పీలు, మధ్యలో బెల్టు. తమరు తిరిగేకొద్దీ ఆ వెయిట్లు బయటికి విసురుకుని కప్పీని నొక్కుతాయి, బెల్టు పైకెక్కుతుంది. వెయిట్లు బరువైతే ఇంజిన్ అణిగిపోతుంది, తేలికైతే రేజు పెరుగుతుంది. కానీ పోయిన చలికాలం పాత వెయిట్లతోనే 8,000 దాటారు కదా! వేసవంతా షెడ్డులో పడుకుంటే ఒళ్లు పెరిగేది మాకు గానీ ఇనుపముక్కకి కాదు.

నా మొదటి అనుమానం పొగ బయటికి పోయే దారిలోని ఎగ్జాస్ట్ వాల్వ్ మీదికి పోయింది. ఆయిల్ మసికి అది మూసుకుని అతుక్కుపోతే పై రేజు రాదు. విప్పించాను. మసి ఉంది, కదలిక బాగానే ఉంది. సిగ్గుపడ్డాను.

"సరే, ఫుల్ రేజులో కాసేపు నడిపి, అక్కడే ఆపేసి ప్లగ్గులు విప్పి చూపించరా" అన్నాను. కాఫీ రంగుంటే ఆరోగ్యం. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదని, పిస్టన్‌కి మూడినట్టే. మావాడు చూపించినవి రెండూ తడిగా, కాటుకలా నల్లగా ఉన్నాయి. పెట్రోలైనా ఎక్కువై ఉండాలి, గాలైనా తక్కువై ఉండాలి.

ఇక్కడే తమరు దొరికిపోయారు. మా మహేంద్రగిరి కొండ 1,501 మీటర్లు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి, కింద సరిపోయిన జెట్టే (కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే సన్న రంధ్రం) పైన పెట్రోలు ఎక్కువ పోసి బండికి ఆయాసం తెప్పిస్తుంది. తమరి దగ్గర అంత ఎత్తు లేదు, ఉన్నదల్లా చలి. చలికి గాలి చిక్కబడుతుంది, అప్పుడు పెట్రోలే చాలకపోవాలి, ప్లగ్గు తెల్లబడాలి. మరి ఈ నలుపెక్కడిది? జెట్లు ఎవరూ ముట్టుకోలేదు. ఊపిరి దారిలోనే ఏదో అడ్డం పడి ఉండాలి.

"గాలి పీల్చే ఆ ఎయిర్ బాక్సు మూత తియ్యరా" అన్నాను.

లోపల ఒక సంసారం. సీటు స్పాంజి తెచ్చి పరుపు, ఎండుగడ్డి తెచ్చి గోడలు, పిట్టలకి వేసిన గింజలతో వంటిల్లు. వేసవంతా ఎలుక అద్దె కట్టకుండా తమరి ముక్కులో కాపురం పెట్టింది. మా దగ్గర ఎండాకాలం మూలనపడిన బండి సైలెన్సర్‌లో కందిరీగ మట్టిగూడు కడుతుంది, ఆ మాత్రం నాకు ముందే తట్టాల్సింది. తమరైనా ఒక్క తుమ్ము తుమ్మి చెప్పొచ్చుగా?

గూడు తీయించాక, నిన్న మళ్లీ ఫోనులో తమరి కేక విన్నాను. 8,100 అట. పక్క గదిలోంచి మా అక్క "ఏటిరా ఆ గోల" అని అరిచింది.

ఆ తేలిక వెయిట్లు షాపువాళ్లు వాపసు తీసుకోరట. సంక్రాంతికి వచ్చేటప్పుడు నాకు తెస్తానంటున్నాడు. మూడున్నాయి, ఒక్కోటి 60 గ్రాములకి అటూఇటూ. మా వీధి చివర పల్లీలమ్మే ఆవిడకి తూకంరాళ్లు కావాలట, అడిగి చూస్తాను.

ఇట్లు,
తమరి ముక్కు వైద్యుడు