ఆఖరిసారి ఎప్పుడు తాగినవ్ అన్నా?

దక్షిణ తెలంగాణలో ఒక సర్కారు దవాఖాన. బైకు మీంచి పడి కాలు విరిగిన ఒకాయన్ని రాత్రిపూట ఎముకల వార్డులో చేర్చారు. వయసు నలభై దాటి ఉంటుంది. అత్తగారు, పెద్దకొడుకు, ఊరోళ్లు ఇద్దరు మంచం చుట్టూ నిలబడి ఉండగా 'తాగుతవా?' అని గట్టిగా అడిగారు. 'లేదు సార్, ఎప్పుడన్న పండుగకు పబ్బానికి' అన్నాడాయన. కేస్ షీట్‌లో అదే ఎక్కింది. మర్నాటికి చేతులు వణికాయి, నొప్పికేమో అనుకున్నారు. దుప్పటి తడిసేంత చెమట పట్టింది, ఎండాకాలం కదా అనుకున్నారు. మూడో రాత్రి సెలైన్ సూది పీకేసి, గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు పెట్టాడు. పక్క మంచాలవాళ్లు పిచ్చి లేచిందన్నారు. గాజుగుడ్డతో రెండు చేతులూ మంచానికి కట్టేశారు.

పొద్దున డ్యూటీకి వచ్చిన సిస్టర్ ముందు ఆ కట్లు వదులు చేసింది. చుట్టాలందర్నీ టీ తాగి రమ్మని పంపి, ఆయన చెవి దగ్గరికి వంగి అడిగింది. 'అన్నా, ఆఖరిసారి కల్లు ఎప్పుడు తాగినవ్? ఇంటోళ్లకు చెప్పను, డాక్టర్ సార్‌కు మాత్రం చెప్పాలె.' పడ్డ రోజు పగలు తాగానన్నాడు. రోజుకు ఐదారు సీసలని కూడా చెప్పాడు. అప్పుడు గానీ మందులు మారలేదు. ఆ తర్వాత ఆమె ఆయనకు నీళ్లిచ్చేటప్పుడు గ్లాసులో సగమే పోసింది, ఎందుకంటే నిండా పోస్తే వణుకుకి ఒలికిపోయి, అందరి ముందు సిగ్గుపడి, దాహమైనా అడగడం మానేస్తాడని.

రెండుసార్లూ అడిగింది తాగుడు గురించే. మొదటిసారి అబద్ధం వచ్చింది, రెండోసారి నిజం వచ్చింది. మత్తు మానుతున్నవాళ్ల మీద దయ చూపాలంటే 'మంచిదే, టైముంటే చూద్దాం' అన్నట్టు మాట్లాడతారు. మేము చెప్పేదొక్కటే, ఆ మెత్తని గొంతు వైద్యంలో భాగం. అది లేకపోతే నిజం బయటికి రాదు, నిజం రాకపోతే సరైన మందు అందదు.

రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఆరేడు గంటల్లోనే వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి లేనివి కనిపిస్తాయి, ఎక్కడున్నారో తెలియదు. డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అని పిలిచే ఈ స్థితిని పట్టించుకోకపోతే ప్రాణం పోవచ్చు. ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్ అడుగంటి ఉంటుంది, అలాంటి మనిషికి బీ1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే దెబ్బ తగలొచ్చు. అంటే 'తాగుతవా' అన్న ప్రశ్నకు వచ్చే జవాబు మీద ఇంత ఆధారపడి ఉంది! వణుకు ఎంత, చెమట ఎంత, కంగారు ఎంత అని పది లక్షణాలకు మార్కులు వేసి మందు మోతాదు తేల్చే పద్ధతి ఒకటి ఉంది, సీవా అంటారు. డాక్టర్ రౌండ్స్‌కు వచ్చి వెళ్తాడు, రాత్రంతా మంచం పక్కన నిలబడి ఆ మార్కులు వేయాల్సింది నర్సే.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కల్లు అంటే చెట్టు నుంచి దించిన కల్లు ఒక్కటే కాదని అందరికీ తెలుసు. క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లు తాగితాగి, అది ఒక్కరోజు దొరకకపోయినా, అందులో మందు పాళ్లు మారినా మనిషి మనిషిలా ఉండడు. 2023 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రికి కల్తీ కల్లు బాధితులు ఎలా వచ్చారో ఈ జిల్లా చూసింది. వాళ్లలో చాలామందికి తాము మత్తుమందుకు అలవాటుపడ్డామనే తెలియదు, కల్లు తాగుతున్నామనే అనుకుంటారు. నాట్లకు, పత్తి ఏరడానికి పోయి ఒళ్లునొప్పులకని సాయంత్రం ఒక సీస తాగే ఆడవాళ్లూ ఉన్నారు. మగవాడు తాగొచ్చాడంటే తిట్టి చేర్చుకుంటారు, ఆడమనిషి అయితే వార్డంతా చెవులు కొరుక్కుంటుంది. ఆమె నోరు విప్పి నిజం ఎలా చెబుతుంది?

2019లో ఎయిమ్స్ ఆధ్వర్యంలో వచ్చిన జాతీయ సర్వే లెక్క చూడండి. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. దవాఖానలో చేరి వైద్యం చేయించుకునేది 180 మందిలో ఒక్కరు. ఆ ఒక్కడు గడప తొక్కినప్పుడు 'నీ పాపం నువ్వు తెచ్చుకున్నదే, నిజంగా జబ్బున్నోళ్లకు మంచాలు దొరకట్లేదు' అని వినిపిస్తే, డాక్టర్ వద్దన్నా సొంత ఇష్టంతో పోతున్నానని రాసే లామా కాగితం మీద వేలిముద్ర వేసి బయటికి నడుస్తాడు. తిన్నగా కల్లు దుకాణానికే.

ఇదంతా నర్సుల మీద నెట్టేస్తున్నామని ఎవరూ అనుకోవద్దు. మత్తు దిగుతున్న మనిషి తిడతాడు, చెయ్యి కూడా ఎత్తుతాడు, ఆ దెబ్బ తినేది సిస్టరే. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ చెబుతుంది. మనకు మెడికల్ కాలేజీలైతే వచ్చాయి, 2016లో మహబూబ్‌నగర్, 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్. కానీ రాత్రిపూట ఒక్క సిస్టరే వార్డంతా పరుగెత్తడం ఇంకా మామూలు విషయంగానే ఉంది. ఆమెను ఓపికగా ఉండమని పాఠం చెప్పేముందు ఆమె పక్కన ఇంకో మనిషిని నిలబెట్టాలి.

1939లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో సిస్టర్ ఇగ్నేషియా అనే నన్, తాగుబోతులకు మంచం ఇవ్వడానికి ఆసుపత్రులు ఇష్టపడని రోజుల్లో, ఒకాయన్ని కడుపు జబ్బు అని రాసి చేర్చుకుంది. ఆమె అక్కడ అడ్మిషన్ల బల్ల దగ్గర పనిచేసేది. మన దగ్గర ఇప్పటికీ ఇంటివాళ్లు పరువు కోసం కడుపునొప్పి అనో కామెర్లు అనో ఓపీ చీటీ రాయించుకుంటున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక పరిస్థితులను జబ్బు కిందే లెక్కగట్టి, రోగికి గౌరవంగా బతికే హక్కు ఉందని చెప్పాక కూడా ఇలా దొంగచాటు రాతలు అవసరమవుతున్నాయంటే, మార్పు రావాల్సింది ఆ చీటీ రాసే బల్ల దగ్గరే.

మేము అడుగుతున్నవి పెద్ద ఖర్చు పనులు కావు. ఏ వార్డులో చేరినా సరే, ఎముకలైనా ప్రసూతి అయినా, మత్తు గురించి చుట్టాలు లేనప్పుడు విడిగా అడగాలన్నది రూలు చెయ్యండి. ఆ ప్రశ్నలో కల్లు పేరు ఉండాలి, ఎందుకంటే చాలామంది దృష్టిలో తాగుడు అంటే బ్రాందీ మాత్రమే. సైకియాట్రీ వార్డు సిస్టర్లతోపాటు క్యాజువాలిటీ, జనరల్ వార్డు సిస్టర్లకూ వణుకు గుర్తుపట్టే శిక్షణ ఇవ్వండి. డిశ్చార్జి అయ్యాక, టీబీ మందులు మధ్యలో ఆపినవాళ్ల ఇంటికి ఆశ కార్యకర్త వెళ్లి అడుగుతుంది కదా, వీళ్ల ఇంటికీ అలాగే ఎవరో ఒకరు వెళ్లాలి. మళ్లీ తాగి వచ్చినవాణ్ణి మళ్లీ చేర్చుకోవాలి, మూడోసారైనా. ఇంట్లో ఎవరన్నా ఈ బాధలో ఉంటే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. అయితే వణుకు, ఫిట్స్ మొదలయ్యాక ఫోన్లతో ఆలస్యం చెయ్యొద్దు, దవాఖానకే తీసుకురండి.

కాలు విరిగిన ఆయన డిశ్చార్జి రోజు కర్ర పట్టుకుని నర్సుల బల్ల దగ్గరికి వచ్చి ఆగాడు. కుట్లు తీయించుకోడానికి వచ్చే వారం రావాలి. 'నీ డ్యూటీ ఎప్పుడుంటది సిస్టరమ్మా, అప్పుడే వస్త' అన్నాడు. ఆమె చార్టు చూసి, చీటీ వెనకాల రోజు, టైము రాసిచ్చింది.