ఇరవైకి అత్యాశ, అరవైకి నిరాశ

ఉదయం ఆరింటికి ఆర్కే బీచ్ రోడ్డు మీద నడిచేవాళ్లను చూస్తే, విశాఖలో అందరూ ఆరోగ్యవంతులే అనిపిస్తుంది. చేతికి వాచీ, అందులో అడుగుల లెక్క. పదివేలు దాటితే ఆ రోజుకి పని అయిపోయినట్టే. అదే మనుషులు నడక ముగించి సిమెంటు బెంచీ మీద కూలబడ్డాక, లేచేటప్పుడు చూడండి. మోకాళ్ల మీద చేతులు ఆనించకుండా, 'అబ్బా' అనకుండా లేచేవాళ్లు ఎందరు?

నేనూ ఆ గుంపులోవాడినే. యాభై నాలుగేళ్లు. మొన్నామధ్య గ్యాస్ బండను వంటగదిలోకి జరపబోతే నడుం పట్టేసింది. లోపలి గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ బండ ఇంచుమించు మరో అంత. నొప్పి తగ్గాక కాలనీలోని జిమ్‌కి వెళ్తే ట్రైనర్ కుర్రాడు, "ఈ ఏజ్‌లో వెయిట్స్ ఎందుకు సార్, ట్రెడ్‌మిల్ చేసుకోండి" అన్నాడు. పక్కనే సన్నగా, పొడుగ్గా ఉన్న ఇంజనీరింగ్ కుర్రాడికి మాత్రం గోడ మీది పోస్టర్ చూపించి, ఆరు నెలల్లో అలా అయిపోతావన్నాడు. మా ఇద్దరినీ ఆ పోస్టర్‌లోని ఒంటితోనే కొలిచాడు. వాడికి అందని ఆశ పెట్టాడు, నాకు అందేదాన్ని కూడా లేదన్నాడు.

వయసు విషయంలో భయానికి ఆధారం లేకపోలేదు. ముప్ఫై దాటాక పదేళ్లకోసారి కండ మూడు నుంచి ఎనిమిది శాతం దాకా తరుగుతుందని అంచనా. అరవై తర్వాత ఇంకా వేగం. కండ కంటే బలం త్వరగా పోతుంది, బలం కంటే చురుకు ఇంకా త్వరగా పోతుంది. ఎందుకంటే కండరంలో నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసే పోగులూ ఉంటాయి, ఒక్కసారిగా బిగుసుకునే పోగులూ ఉంటాయి. ఎక్కువగా చిక్కిపోయేవి రెండో రకమే. సింహాచలం గిరిప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచొచ్చిన పెద్దావిడ, మర్నాడు బాత్రూంలో కాలు జారితే నిలదొక్కుకోలేకపోవడం ఇందుకే. నడకకు కావలసింది ఆమె దగ్గర ఉంది. జారిన అర సెకనులో కావలసింది లేదు. ఆ రెండోదాన్ని నడక ఒక్కటే తెచ్చిపెట్టదు.

మరి అరవై, డెబ్బై దాటాక అది వస్తుందా? 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. వృద్ధాశ్రమంలోని 86 నుంచి 96 ఏళ్ల వాళ్లతో ఎనిమిది వారాలు కాళ్లతో గట్టి బరువులు ఎత్తించారు. బలం సగటున 174 శాతం పెరిగింది. పాల్గొన్నవాళ్లు పదిమందే, పైగా మొదటి బలం బాగా తక్కువ కాబట్టి శాతం పెద్దగా కనబడుతుంది. అయినా 'ఈ వయసులో ఎందుకు' అనే మాటకు అది చాలు. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు డాక్టర్‌తో మాట్లాడి మొదలుపెట్టాలి, అంతే.

ఒంటి తీరు సంగతి కొంచెం వేరు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు, కరణం మల్లీశ్వరి ఎదిగిన ఉత్తరాంధ్రలో దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మల్లీశ్వరి రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది 69 కిలోల విభాగంలో. ఆ ఆటలో 48 కిలోల అమ్మాయిని 69 కిలోల అమ్మాయి పక్కన నిలబెట్టి ఎవరూ తూచరు. ఒళ్లు పెరిగినంతగా బలం పెరగదు. అందుకే చిన్న ఒళ్లున్నవాడు కడ్డీ పట్టుకుని సులువుగా పైకి లేస్తాడు, భారీ మనిషి నేల మీది బరువు ఎక్కువ ఎత్తుతాడు. తొడ ఎముక పొడుగున్న కుర్రాడు గుంజీ తీస్తే ముందుకు వంగక తప్పదు. "ఫామ్ బాలేదు" అని వాణ్ని తిట్టి ఏం లాభం?

మన ఒంటికి ఇంకో తిరకాసు ఉంది. పుణేకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటో వేసి చూపించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2. సన్నని చేతులు, చిన్న పొట్ట: మన ఆఫీసుల్లో సగం మంది ఇలాగే ఉంటారు. వాళ్లకు బరువు కాటా 'నార్మల్' అంటుంది. హార్బర్‌లో వల లాగే జాలరి చేతులు కూడా సన్నవే, కానీ ఆ పట్టు వేరు. (వాళ్ల భుజాల నొప్పులు కూడా వేరే, అదంతా ఇంకో వ్యాసం.)

అందుకే కాటా కన్నా కుర్చీని నమ్ముతాను. చేతులు కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్ల సత్తువ తగ్గినట్టని ఆసియా నిపుణుల బృందం 2019లో పెట్టిన హద్దు. పరికరాన్ని పిండి కొలిచే పిడికిలి పట్టు మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18 ఉండాలన్నారు.

మా అమ్మకు డెబ్బై ఆరు. మొదటిరోజు పంతొమ్మిది సెకన్లు పట్టింది. రోజూ వంట అయ్యాక కుర్చీలోంచి పదిసార్లు లేవడం, గోడకి చేతులానించి తోయడం. రెండు నెలలకు పద్నాలుగుకి వచ్చింది. పన్నెండు ఇంకా రాలేదమ్మా అంటే, "ఆ పన్నెండు ఎవరిని చూసి పెట్టార్రా?" అని అడిగింది.