డిక్కీలో నీళ్లు

మా మామగారు ఆర్టీసీలో 30 ఏళ్లు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. పొద్దున్నే నీళ్లు చూడకుండా బండి తీసేవాడు ఆయన లెక్కలో డ్రైవరే కాదు. ఈ సంగతి నాకు పెళ్లినాటి నుంచీ తెలుసు. డెట్రాయిట్ చలిలో నా డిక్కీ దాకా వస్తుందనే అనుకోలేదు.

నాకో సెకండ్‌హ్యాండ్ టర్బో కారుంది. దానికి వాటర్-మెథనాల్ కిట్ బిగించాను. ఎందుకని మా ఆవిడ అడిగితే, "రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ మెసర్‌ష్మిట్ విమానాలకి ఇదే పెట్టారు, తెలుసా?" అన్నాను.

"మనం వెళ్లేది నోవై గుడికీ, కూరగాయలకీ కదండీ" అంది.

మామగారు మాత్రం శ్రద్ధగా విన్నారు. టర్బో గాలిని కుక్కి కుక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. కుక్కిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడికి పెట్రోలు వేళకాని వేళ అంటుకుని ఇంజిన్ టకటకా కొట్టుకుంటుంది. అందుకని సగం నీళ్లు, సగం మెథనాల్ (చలికి ఓ పట్టాన గడ్డకట్టని ఒకరకం స్పిరిట్) కలిపి సన్నటి తుంపరగా ఆ గాలిలోకి కొడతాం. తుంపర ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది.

"అంటే మన మట్టికుండ లాగానే" అన్నారాయన. నాకిది మూడు వీడియోలు చూస్తే గానీ ఎక్కలేదు.

ట్యాంకు డిక్కీలో ఉంటుంది, 4 లీటర్లది. భోగి ముందురోజు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఫ్రీవే మీద నా ప్రతాపం చూపించేసరికి అడుగున ఉన్న కాస్తా అయిపోయింది. రేపు నింపొచ్చులే అని పడుకున్నాను.

పొద్దున గుడికి బయల్దేరాం. ఫ్రీవే ఎక్కుతూ గట్టిగా తొక్కాను. బూస్టు, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, చూపించే ముల్లు 20 పీఎస్‌ఐ దాకా లేవాల్సింది 7 దగ్గర చతికిలబడింది. డిక్కీలో పంపు మూలుగుతోంది. తుంపర రావడం లేదని సెన్సరు పసిగట్టి, ఇంజిన్ పాడవకుండా బూస్టు తగ్గించేసింది. వెనకాల వస్తున్న మినీవ్యాను హారన్ కొట్టి మరీ దాటిపోయింది.

"సెకండ్ గేర్లో లాగండి అల్లుడుగారూ" అన్నారు మామగారు.

గుడి దగ్గర డిక్కీ తెరిచాను. మూత తీసి వేలు పెడితే దిగలేదు, టక్కుమంది. గడ్డకట్టిన ఐసు!

"రాత్రి చూస్తే ఖాళీగా ఉందండీ. ఫిల్టరు నీళ్లే పోశాను" అన్నారాయన వెనకనుంచి.

"రాత్రి మైనస్ 14 మామగారూ!"

"దాని మీద వాటర్ అని రాసుంది కదా?"

రాసే ఉంది. పక్కనే మెథనాల్ అని కూడా ఉండాలి. ఆ మాట మీద రేసింగ్ స్టిక్కరు అంటించుకున్నది నేనే.

సాయంత్రం ట్యాంకుని బాత్‌టబ్‌లో గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టాం. దానికి జరిగిన స్నానం ఆ భోగికి మాలో ఎవరికీ జరగలేదని మా ఆవిడ దెప్పింది. మామగారి మొహం చిన్నబోయింది. ఆయనకి ధైర్యం చెబుదామని పాత కథ ఎత్తుకున్నాను. 1962లో ఇక్కడి లాన్సింగ్‌లోనే ఓల్డ్స్‌మొబైల్ వాళ్లు జెట్‌ఫైర్ అని టర్బో కారు తెచ్చారు. దానికీ ఇలాంటి నీళ్లూ మెథనాలే, పేరు టర్బో రాకెట్ ఫ్లూయిడ్. అది అయిపోతే బూస్టు తగ్గిపోయేది. నింపడం మర్చిపోయిన జనం బండికి బలం లేదని గోల పెట్టేవారు. చివరికి చాలామంది టర్బోనే పీకించేశారు.

ఆయన అంతా విని, కాసేపు ఆలోచించి అన్నారు.

"అయితే మర్చిపోయింది మీరే కదండీ. నేను పోశాను."