రేడియోను వదులుకున్న మన సంఘాలకు ఒక విన్నపం

విశాఖపట్నంలోని మన సంఘాల్లో సువార్త పని గురించి మాట వచ్చినప్పుడల్లా కెమెరాలు, ప్రత్యక్ష ప్రసారాలు, యూట్యూబ్ చందాదారుల సంఖ్య చర్చకు వస్తాయి గానీ, రేడియో పేరు ఎవరైనా ఎత్తితే మిగిలినవారు జాలిగా చూస్తారు. రేడియో రోజులు పోయాయన్నది ఎవరూ చర్చించకుండానే అందరూ కలిసి చేసేసుకున్న తీర్మానం. ఆ తీర్మానం తప్పనీ, దానితో పాటే కొన్ని వర్గాల మనుషులు మన లెక్కలోంచి జారిపోయారనీ నా గట్టి అభిప్రాయం. సేవ పట్ల శ్రద్ధ ఉన్న పెద్దలు, యువకులు ఇది కొంత ఓపికతో చదవాలని కోరుతున్నాను.

రేడియో పని అయిపోయిందనే వారి దగ్గర ఆధారాలు లేకపోలేదు. సెషెల్స్ దీవుల నుంచి 1970లో ప్రసారాలు మొదలుపెట్టి మన భాషల్లో సువార్త వినిపించిన ఫీబా అనే క్రైస్తవ సంస్థ షార్ట్‌వేవ్ (దూరదేశాలకు చేరే రేడియో తరంగాల) కేంద్రం 2003లో మూతపడింది. 1931 క్రిస్మస్ రోజున ఈక్వడార్ రాజధాని కీటోలో ఆరంభమైన క్రైస్తవ రేడియో హెచ్‌సీజేబీ, అక్కడ కొత్త విమానాశ్రయం వస్తున్న కారణంగా తన పీఫో షార్ట్‌వేవ్ కేంద్రాన్ని 2009లో ఆపేసింది. ఫిలిప్పీన్స్ నుంచి తెలుగుతో సహా అనేక ఆసియా భాషల్లో పలికిన కతోలిక రేడియో వెరితాస్ ఆసియా 2018 జూన్ నెలాఖరుతో షార్ట్‌వేవ్‌ను విడిచి ఇంటర్నెట్‌కు మారింది. అయితే ఈ మూడింటిలోనూ ఆగిపోయింది షార్ట్‌వేవ్ అనే ఒక్క పద్ధతి మాత్రమే. అది ఖరీదైనది, దానిని వినగలిగే సెట్లు కూడా మన ఇళ్లలోంచి మాయమయ్యాయి. శ్రీలంకలోని పుత్తళంలో ట్రాన్స్ వరల్డ్ రేడియో అనే క్రైస్తవ సంస్థ 400 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌తో 882 కిలోహెర్ట్జ్ మీద నడిపే మీడియం వేవ్ ప్రసారం ఆ మూతల తరువాత కూడా దక్షిణ భారత భాషల్లో వినిపించింది. ఒక మార్గం మూసుకుపోయినంత మాత్రాన చెవి ద్వారా మనిషిని చేరే పనే ముగిసిందనుకోవడం తొందరపాటు.

రేడియో సేవలో మనం నిజంగా పోగొట్టుకున్నది ప్రసారం కన్నా దాని వెనుక జరిగిన పని అని నేను నమ్ముతాను. పదిహేను నిమిషాల కార్యక్రమం చివర ఒక పోస్టుబాక్సు చిరునామాను నిదానంగా రెండుసార్లు చదివేవారు. ఎక్కడో పొలం గట్టు మీదో, రేవులో వలలు అల్లుకుంటూనో విన్న మనిషి ఒక పోస్టుకార్డు కొని, తన కష్టం నాలుగు ముక్కల్లో రాసి పంపేవాడు. స్టూడియోలో దానిని తెరిచి, పేరు, ఊరు రిజిస్టరులో ఎక్కించి, ఆ మనవి కోసం ప్రార్థించి, చేత్తో జవాబు రాసేవారు. అడిగినవారికి బైబిలు పాఠాలు తపాలాలో ఉచితంగా వెళ్లేవి. కతోలికులకు సికింద్రాబాదులోని అమృతవాణి, అడ్వెంటిస్టులకు పూణేలోని స్టూడియో, ప్రొటెస్టెంట్ సంఘాలకు మరికొన్ని కేంద్రాలు ఈ పని ఏళ్ల తరబడి చేశాయి. చెప్పే మనిషి ఎన్నడూ కనపడకపోయినా, వినే మనిషికి తన పేరుతో ఒక ఉత్తరం వచ్చేది. కొందరికి అది జీవితంలో తమ పేరిట వచ్చిన మొదటి ఉత్తరం.

ఇప్పుడు మన ప్రత్యక్ష ప్రసారాల కింద వచ్చే వ్యాఖ్యలను ఒక్కసారి చదవండి. వందలాది ‘ఆమెన్’ల మధ్య భర్త తాగుడు మానాలని ప్రార్థించమని ఒక తల్లి రాస్తుంది, కొడుకు జబ్బు పేరు రాసి, ఫోన్ చేయమని మరొకరు వేడుకుంటారు. వాటికి జవాబు ఇచ్చేవారు లేరు. మరుసటి ఆదివారానికి అవి కొత్త వ్యాఖ్యల అడుగున పడిపోతాయి. కెమెరాకు, లైటింగుకు, ఎల్‌ఈడీ తెరకు లక్షలు ఖర్చు పెట్టగలిగిన మనం ఆ మనవులు చదివి తిరిగి పలకరించడానికి ఒక్క మనిషిని కూడా నియమించలేదు. ఇది నాకు తీవ్రమైన బాధ కలిగించే విషయం, అందుకే మాట మెత్తగా చెప్పలేకపోతున్నాను. ఎందరు చూశారన్న లెక్కను ఆత్మల లెక్కగా ప్రకటించుకోవడం మానుకోవాలి.

భాష సంగతి ఇంతకన్నా ముఖ్యం. వియత్నాం ఉత్తర కొండల్లో హ్మాంగ్ ప్రజలు 1980ల చివర నుంచి పెద్ద సంఖ్యలో క్రైస్తవులయ్యారు. వారి గ్రామాలకు అప్పట్లో బయటి మిషనరీలు వెళ్లే వీలు లేదు. మనీలా నుంచి ఎఫ్‌ఈబీసీ అనే క్రైస్తవ ప్రసార సంస్థ హ్మాంగ్ భాషలో చేసిన ప్రసారాలను వారు తమంతట తాముగా విని, ఒకరికొకరు చెప్పుకుని, ఆపైన తమ ప్రాంతంలోని సంఘాలను వెతుక్కుంటూ వెళ్లారు. తమ యాసలో, తమ పురాతన కథల ఒరవడి తెలిసిన తమ మనిషి గొంతులో వినడమే వారిని కదిలించిందని ఆ ఉద్యమాన్ని అధ్యయనం చేసినవారు రాశారు. ప్రభుత్వ భాషలో ఎంత శక్తిమంతమైన ట్రాన్స్‌మిటర్ పెట్టినా ఇది జరిగేది కాదు.

ఈ మాట విశాఖవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1805లో ఇక్కడికి వచ్చిన లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ ముందుగా తెలుగు నేర్చుకునే పనిలో పడ్డారు. క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సహాయంతో మొదలైన సువార్తల అనువాదంలో మూడు సువార్తలు ఇద్దరూ మరణించిన తరువాత 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. వారు మనకు చేసిన మేలును మనం మన పొరుగువారికి చేయడం లేదు. అరకు, పాడేరు, ముంచింగిపుట్టు వైపు కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే కుటుంబాలున్నాయి. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం వైపు సవరలున్నారు. మన బృందాలు ఏజెన్సీకి సెలవుల్లో బస్సు కట్టించుకుని వెళ్లి, కోస్తా తెలుగులో గంటసేపు వర్తమానం చెప్పి, దుప్పట్లు పంచి, ఫోటోలతో తిరిగి వస్తాయి. విన్న అవ్వకు ఎంత అర్థమైందని అడిగేవారు అరుదు. ఆ అవ్వ మనవరాలే ఇంటర్ చదివి, రెండు భాషలూ చక్కగా మాట్లాడుతుంది. ఆమెకు ఒక మంచి మైకు, రికార్డరు, కొంత శిక్షణ, గౌరవప్రదమైన జీతం ఇస్తే, వారానికి ఒక అరగంట కార్యక్రమం ఆమె భాషలో తయారవుతుంది.

తయారైన దానిని వినిపించడం ఎలా అన్న ప్రశ్న సహజం. 1939లోనే లాస్ ఏంజెలెస్‌లో జాయ్ రిడర్‌హాఫ్ గాస్పెల్ రికార్డింగ్స్ సంస్థను ప్రారంభించి, లిపి లేని భాషలకు కూడా గ్రామఫోను రికార్డుల మీద సువార్తను చేర్చారు. నేడు ఆ పనిని సౌరశక్తితో నడిచే చిన్న పెట్టెలు, మెమరీ కార్డులు చేస్తాయి. సెల్ సిగ్నల్ అందని గూడేల్లో ఇవే దిక్కు. అయితే ఒక కార్డులోని పాఠం ఈ నెలా వచ్చే నెలా ఒకటే. ప్రసారంలో ఈ రోజు వర్షం గురించి, ఈ వారం సంత గురించి, నిన్న చనిపోయిన పెద్దాయన గురించి చెప్పవచ్చు. రేడియోకు ఆ తాజాతనమే బలం.

చట్టం గురించి మన పెద్దల్లో చాలామందికి స్పష్టత లేదు, అందువల్ల కొంచెం వివరిస్తాను. వ్యాపార ఎఫ్‌ఎం లైసెన్సులకు మతసంస్థలు, వాటి అధీనంలోని కంపెనీలు అర్హులు కావు. కాబట్టి ‘మన సంఘానికి సొంత ఎఫ్‌ఎం’ అని కలలు కనడం వ్యర్థం. తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పిన తరువాత, 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో, అంటే ఒక ప్రాంత ప్రజల కోసం వారి భాగస్వామ్యంతోనే నడిచే చిన్న రేడియో, తలుపులు తెరుచుకున్నాయి. కనీసం మూడేళ్లుగా నమోదై ఉన్న లాభాపేక్ష లేని సంస్థ దరఖాస్తు చేయవచ్చు. ప్రసార శక్తి సాధారణంగా 100 వాట్లకే పరిమితం, అంటే కొద్ది కిలోమీటర్ల మేర వినిపిస్తుంది. కార్యక్రమాల్లో సగమైనా స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలి, ఆకాశవాణి కార్యక్రమ నియమావళిని పాటించాలి. జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న ‘సంఘం రేడియో’ అనే కమ్యూనిటీ కేంద్రం ఇది సాధ్యమని మన తెలుగు నేల మీదే నిరూపించింది.

ఆ లైసెన్సు తీసుకుని రోజంతా వాక్యం వినిపించడం కుదరదు, అలా చేయాలనుకోవడం నిజాయితీ కూడా కాదు. మరి సువార్త లేని రేడియో మనకెందుకని పెద్దలు అడుగుతారు. పిఠాపురం మిషన్ ఆసుపత్రిలో కాన్పు చేసిన డాక్టరమ్మను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. రోగులకు చేసిన సేవను మనం మిషన్ చరిత్రలో గర్వంగా చెప్పుకుంటాము. బాలింతకు పోషకాహారం గురించి, వలస వెళ్లిన కూలికి తన హక్కుల గురించి, తాగుడు మానాలనుకునేవాడికి చికిత్స దొరికే చోటు గురించి ఒక గొంతు ప్రతిరోజూ చెబితే దానినెందుకు తక్కువగా చూడాలి? ట్రాన్స్ వరల్డ్ రేడియో 1997లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ హన్నా స్త్రీల ఆరోగ్యాన్ని, పిల్లల పెంపకాన్ని, ప్రార్థనను ఒకే కార్యక్రమంలో కలిపింది. విశ్వాసానికి సంబంధించిన భాగాన్ని వేరే వేదికల మీద బహిరంగంగా మన పేరుతోనే చెప్పవచ్చు.

తుఫానుల నగరంలో ఉంటూ రేడియోను చిన్నచూపు చూడడం నాకు అసలు అర్థం కాని విషయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన మీద విరుచుకుపడిన తరువాత కరెంటు, సెల్ టవర్లు రోజుల తరబడి పనిచేయలేదు. పాలు, నీళ్లు ఎక్కడ ఇస్తున్నారో, ఏ దారి తెరిచారో తెలియక జనం అల్లాడిపోయారు. ఆ వారంలో ఏ సంఘం యూట్యూబ్ ఛానెలూ ఎవరికీ పనికిరాలేదు. బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టర్ ఉన్న ఇంటికి మాత్రం బయటి ప్రపంచం ఉంది. అంతకు ఏడాది ముందు, 2013 నవంబరులో హయాన్ తుఫాను ఫిలిప్పీన్స్‌లోని టక్లోబాన్‌ను ఊడ్చేసినప్పుడు, ఎఫ్‌ఈబీసీ మనుషులు పెట్టెలో పట్టే ఎఫ్‌ఎం స్టేషన్‌తో కొద్ది రోజుల్లోనే అక్కడికి చేరుకుని, సహాయం అందే చోట్లు చెబుతూ, ధైర్యవచనాలు, ప్రార్థనలు వినిపించారు. వారికి ముందుగానే శిక్షణ పొందిన బృందం ఉంది. మన దేశంలో అనుమతి లేకుండా ట్రాన్స్‌మిటర్ పెట్టడం నేరం కాబట్టి, అలాంటి ఏర్పాటుకు ప్రభుత్వంతో, విపత్తు నిర్వహణ అధికారులతో, 1963 నుంచి ఇక్కడ సేవలందిస్తున్న ఆకాశవాణి కేంద్రంతో తుఫాను రాకముందే మాట్లాడుకుని ఉండాలి. జాలారిపేటలో మన విశ్వాసులున్నారు, వారి పొరుగున అన్ని మతాల బెస్తవాళ్లూ ఉన్నారు; సముద్రం మీద హెచ్చరిక అందరికీ ఒకటే.

ప్రసంగాల తీరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. రేడియో గొంతు గోడలు దాటి, మనం ఎన్నడూ ఆహ్వానించని ఇళ్లలోకి వెళుతుంది, నచ్చకపోతే ఆపేసే స్వేచ్ఛ మాత్రం వినేవారి చేతిలోనే ఉంటుంది. వీధి చివర లౌడ్‌స్పీకరు ఆ స్వేచ్ఛ ఇవ్వదు. ఇతరుల దేవుళ్లను కించపరచే మాట, మందులు మానేయమనే స్వస్థత ప్రకటన, ప్రతి పది నిమిషాలకు ఖాతా నంబరు చదివే అలవాటు ఇలాంటి సేవలోకి అడుగు పెట్టకూడదు. వ్యాధులను మంత్రమహిమలతో నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని కట్టడి చేసే చట్టం 1954 నుంచే ఉంది. అది లేకపోయినా, రోగిని మోసగించరాదన్న ఇంగితం మనకుండాలి.

సెట్లు ఎవరి దగ్గర ఉన్నాయని అడిగేవారికి: ఫోన్లలో ఎఫ్‌ఎం సదుపాయాన్ని తొలగించవద్దని, ఉన్నదానిని పనిచేసేలా ఉంచమని కేంద్ర ప్రభుత్వం 2023లో తయారీదారులకు సూచించింది. చిన్న బటన్ల ఫోన్లలో అది ఇప్పటికీ ఉంటుంది, దానికి డేటా అక్కరలేదు. రాత్రి కాపలాదారులు, ఆటో డ్రైవర్లు, చూపు తగ్గిన వృద్ధులు, వంటింట్లో పని చేసుకునే స్త్రీలు ఇంకా వింటున్నారు.

నగరంలోని సంఘాల పెద్దలు శాఖా భేదాలు పక్కనపెట్టి ఈ సంవత్సరం చేయగలిగిన పనులు కొన్నే ఉన్నాయి. ఒక నమోదైన ట్రస్టు ద్వారా కమ్యూనిటీ రేడియోకు దరఖాస్తు పెట్టడం, కువి మాట్లాడే ఇద్దరు యువతులకు శిక్షణ ఇప్పించడం, వచ్చిన ప్రతి మనవికీ జవాబు రాయడానికి జీతం మీద ఒక మనిషిని నియమించడం. మూడవది రేపే మొదలుపెట్టవచ్చు, దానికి ఎవరి లైసెన్సూ అవసరం లేదు.