శరదృతువు డెలివరీ అయింది

మొన్న మంగళవారం మధ్యాహ్నం శరదృతువు అట్టపెట్టెలో మా ఇంటికి వచ్చింది. ఓటీపీ చెప్పి తీసుకున్నాను. లోపల 40 ప్లాస్టిక్ మేపుల్ ఆకులు, ఒక థర్మాకోల్ గుమ్మడికాయ. 499 రూపాయలు. ‘ఆటమ్ గేమ్స్ డే. ఇంట్లో తయారుచేసిన ఆట ఒకటి తేవాలి’ అని పాప బడి గ్రూపులో మెసేజ్ పెట్టారు మరి. ఇంట్లో తయారుచెయ్యాలంటే ముందు కొనాలన్న ఇంగితం నాకుంది.

హైదరాబాదులో ఆశ్వయుజంలో ఎర్రటి ఆకులు ఎక్కడ రాలతాయని కొందరు అడగవచ్చు. రాలవు. అది చెట్ల క్రమశిక్షణ లోపం. మా వీధి వేపచెట్టు మాఘ ఫాల్గుణాల దాకా ఆకు వదలదు. వదిలిన నెల తిరక్కుండా మళ్లీ చిగురేసుకుని కూచుంటుంది. ఈ నెలలో ఇక్కడ దొరికేవల్లా గునుగు, తంగేడు. అవి పూలు. బడివాళ్లకు కావలసింది ఆకులు.

పండక్కి ఊరినుంచి వచ్చిన మా అమ్మ ఆ సరంజామా చూసి “ఇదేం ఆటరా?” అంది. దూరంగా నిలబడి ఆకును గుమ్మడికాయలోకి వెయ్యాలని చెప్పాను.

“వేశాక?”

“తీసి మళ్లీ వెయ్యాలి.”

అమ్మ ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనకపోతే ఇంటిల్లిపాదికీ టెన్షన్.

అనుకున్నంతా అయింది. సాయంత్రం చింతపండు డబ్బాలోంచి నాలుగు పిక్కలు ఏరి, సెల్లార్ మెట్టు మీద పాపచేత ఒకవైపు అరగదీయించింది. గరగరా రుద్దితే నల్లటి పొట్టు పోయి తెల్లటి పప్పు బయటపడింది. పిక్క కాలిపోతోంది. పాప దాన్ని తీసుకొచ్చి నా మోచేతికి అంటించింది. ఈ విద్య దానికి ఎవరూ నేర్పలేదు. గుమ్మడికాయ ఆటకేమో నాలుగు భాషల్లో సూచనల కాగితం ఉంది.

సుద్దముక్కతో ఐదైదు గళ్లు గీశారు. నాలుగు వైపులా నడిమి గడికీ, మధ్య గడికీ ఇంటు గుర్తు. పిక్కలు నాలుగూ తెలుపు పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ నలుపు పడితే అష్ట, 8. కాయలుగా గాజుముక్కలు, చీపురుపుల్లలు, కందిగింజలు, టూత్‌పేస్టు మూతలు. ఖర్చు సున్నా. అక్కడే నాకు నాణ్యత మీద అనుమానం వచ్చింది.

నిష్పక్షపాతంగా చెబుతున్నాను, అష్టాచెమ్మాలో లోపాలు చాలా ఉన్నాయి. ఏ వయసువాళ్లు ఆడాలో పెట్టె మీద రాసిలేదు, ఎందుకంటే పెట్టే లేదు. గెలిస్తే చప్పట్ల మోత రాదు. సర్టిఫికెట్ అసలే లేదు. పైగా అవతలివాళ్ల కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి గళ్లలోకి పోనివ్వరు. ఇలాంటి శిక్షణ ఎంబీఏలో లక్షలు పోసి తీసుకోవాలి గాని, మెట్ల దగ్గర ఊరికే ఇస్తారా?

సెల్లార్‌లో గీతలు గీయరాదని చెప్పడానికి అసోసియేషన్ సెక్రటరీ గారు వచ్చారు. ఒక చెయ్యి తక్కువైందని అమ్మ ఆయన్ని కూచోబెట్టింది. పండబోతున్న ఆయన కాయను మా ఏడేళ్ల పాప చంపేసింది. పిక్క దొర్లింది, చెల్లదన్నారాయన. ఆ వాదన రాత్రి పది దాకా నడిచింది. మర్నాడు లిఫ్టు పక్కన నోటీసు: ‘దొర్లిన పిక్క చెల్లదు.’ గీతల ఊసు లేదు.

అష్టాచెమ్మా చార్టు బడికి వెళ్లి తిరిగొచ్చింది. ‘ఆటమ్ థీమ్ లేదు’ అట. రెండు మేపుల్ ఆకులు అంటించి పంపాం. ఏ గ్రేడు వచ్చింది. మిగిలిన 38 ఆకులూ గుమ్మానికి తోరణం కట్టాను. అమ్మ వాటి ముందు మామిడాకులు కట్టుకుంది.

ఇక గుమ్మడికాయ. ఆయుధపూజ నాడు కారుకు దిష్టి తీసి, డబ్బు దండగ చెయ్యడం ఎందుకని దాన్నే నేలకేసి కొట్టాను. పగల్లేదు. ఎగిరి సెక్రటరీ గారి కొత్త స్కూటర్ మీద పడింది. దానికి ఇంకా పూజ కాలేదు.