రెండో లడ్డూ ఎప్పుడొస్తుంది?

మా అన్నయ్య కొడుకు విజయవాడలో ఇంటర్ చదివే రెసిడెన్షియల్ కాలేజీ వాళ్లు మొన్న ఆదివారం ‘క్షణికానందమా? జీవిత లక్ష్యమా?’ అని సదస్సు పెట్టి మమ్మల్నీ పిలిచారు. పదింటికన్నారు. వక్తగారు ఏసీ గదిలో టిఫిన్ కానిచ్చి వేదికెక్కేసరికి పదకొండున్నర. అందాకా పిల్లలు షామియానా కింద చెమటలు కక్కుతూ లక్ష్యసాధనలోనే ఉన్నారు.

స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లల ముందు మిఠాయి పెట్టి, ఆగితే రెండిస్తానన్న కథ మీకూ తెలిసిందే. ఈ మధ్య అది వినకుండా పెళ్లిభోజనం కూడా దొరకడం లేదు. అక్కడి మార్ష్‌మాలో ఇక్కడ బందరు లడ్డూ అయింది. పిలిచింది మావాణ్ణే. నా ప్రసంగం అయ్యేదాకా ముట్టుకోకపోతే రెండోది ఇస్తానన్నారు వక్తగారు.

స్టాన్‌ఫర్డ్ పిల్లలకు పావుగంటతో సరిపోయింది. మావాడికి గంటా పది నిమిషాలు. చీమను చూసి నేర్చుకోండని ఆయన గొంతు పెంచిన సమయానికే ఒక చీమ లడ్డూ ఎక్కింది. కాసేపటికి బంధువర్గాన్ని పిలుచుకొచ్చింది. వాడు కదల్లేదు. శాలువాలయ్యాయి, ఫొటోలయ్యాయి. "సార్, రెండోది?" అన్నాడు మెల్లగా.

"అది నీకు జీవితం ఇస్తుంది నాన్నా!"

చప్పట్లు. చీమలతో సహా మొదటిదీ ప్లేటుతో పాటు వెళ్లిపోయింది.

రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం చేసిన పరీక్ష ఒకటుంది, 2013లో అచ్చయింది. దాని ఊసు వక్తగారు ఎత్తలేదు. ముందుగా ఏదో తెస్తామని చెప్పి తేకుండా మోసం చేస్తే, తర్వాత మిఠాయి పెట్టినప్పుడు పిల్లలు సగటున 3 నిమిషాలే ఆగారు. మాట నిలబెట్టుకున్నచోట 12 నిమిషాలు ఆగారు.

మనం నిలబెట్టుకున్న మాటేది? టెన్త్‌లో ‘ఈ ఒక్క ఏడాది’ అన్నాం. ఇప్పుడు ‘ఈ రెండేళ్లు’ అంటున్నాం. సీటొస్తే ‘ఈ నాలుగేళ్లు’ అంటాం. తెల్లవారుజామున నాలుగున్నరకి లేపిన పిల్లాడికి నిద్ర క్షణికానందమా? వారానికోసారి అమ్మతో ఫోన్లో ఐదు నిమిషాలు మాట్లాడటం క్షణికానందమా? జ్వరంతో ఉన్నవాణ్ణి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టి లక్ష్యం అంటారా? సిగ్గుండక్కర్లేదూ? వాళ్లకే కాదు, అప్పు చేసి మరీ ఫీజు కట్టిన మనకూ!

సాయంత్రం మా వదిన తెచ్చిన లడ్డూల డబ్బాని వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. బయటి తిండి నిషేధమట. గుంటూరు బస్సులో ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వారధి దాటి మంగళగిరి వచ్చేదాకా మూత తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.